మూల జర్మానిక్ ప్రత్యయాన్ని ఎక్కడ విడదీయాలి, దాని పుట్టుకను ఎలా వెతకాలి

లెంత్, డెప్త్, హెల్త్ అనే ఇంగ్లీషు మాటల చివర వినబడే ధ్వని, నవ్యత, సమత, దీర్ఘత అనే మాటల చివర మనం నిత్యం వాడే 'త' ప్రత్యయం పుట్టుకలో ఒక్కటే. ఈ సంగతి వినగానే ఆశ్చర్యం కలిగించవచ్చు గాని, దాన్ని నిరూపించడానికి పాండిత్యం కంటే ఓపికే ఎక్కువ కావాలి. పదాన్ని సరైన చోట విడదీయడం, ధ్వనిమార్పులను ఒక్కొక్కటిగా వెనక్కు తిప్పడం, దొరికిన రూపాన్ని బయటి సాక్ష్యంతో సరిచూడడం అనే మూడు పనులు వరుసగా చేస్తే చాలు. వీటిలో మొదటిదే అన్నిటికంటే కష్టమైనది. ప్రత్యయం ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోకుండా దాని మూలాన్ని వెతికేవారు తరచుగా లేనిదాని కోసం వెతుకుతారు. అందువల్ల ఈ వ్యాసంలో పట్టికలకు కాక, పదాన్ని విడదీసే పద్ధతికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్ వంటి భాషలకు మూలమైన జర్మానిక్ భాష క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్ది రెండవ సగంలో దక్షిణ స్కాండినేవియాలోను, ఉత్తర జర్మనీ ప్రాంతంలోను వాడుకలో ఉండేదని పండితుల అంచనా. ఆ భాషలో రాసిన గ్రంథమేదీ లేదు. సంతతి భాషలను పోల్చి దాని రూపాలను పునర్నిర్మించారు కనుక అటువంటి రూపానికి ముందు నక్షత్ర గుర్తు పెడతారు. ఇక్కడ జర్మానిక్ రూపాలను తెలుగు లిపిలో రాసేటప్పుడు మూడు నియమాలు పాటించాను. 'థ' అన్నది ఒత్తక్షరం కాదు, ఇంగ్లీషు 'థింక్' అనే మాటలో నాలుక పళ్లకు తగిలి పుట్టే ధ్వని. 'జ' అన్నది 'జూ' అనే మాటలోని ఊష్మ ధ్వని. పదాంతంలో ఉన్న 'అజ్', 'ఇజ్', 'ఉజ్' అనేవి ప్రథమా విభక్తి ఏకవచన రూపాలు. ప్రత్యయాన్ని విడదీసేటప్పుడు వీటిని ముందే పక్కన పెట్టాలి.

సాక్షులను సమకూర్చుకోవడం

ఒక ప్రత్యయం మూల జర్మానిక్‌కు చెందినదని చెప్పాలంటే, అది తూర్పు శాఖకు చెందిన గోతిక్‌లోను, ఉత్తర శాఖకు చెందిన ప్రాచీన నార్స్‌లోను, పశ్చిమ శాఖకు చెందిన ప్రాచీన ఆంగ్లం లేదా ప్రాచీన ఉన్నత జర్మన్‌లోను కనబడాలి. మూడు శాఖల్లోనూ దొరికితే నిశ్చింత, రెండింటిలో దొరికితే జాగ్రత్త, ఒక్కదానిలోనే దొరికితే ఆ శాఖలో కొత్తగా పుట్టిందన్న అనుమానం అవసరం. గోతిక్‌కు ఉన్న విలువ ప్రత్యేకమైనది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిల అనే బిషప్పు చేసిన బైబిల్ అనువాదమే ఆ భాషకు ప్రధానాధారం. దాని ప్రతుల్లో ప్రసిద్ధమైన, వెండి సిరాతో రాసిన ప్రతి ఆరో శతాబ్దపు ఆరంభానిది, ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంది. తక్కిన జర్మానిక్ భాషల్లో పెద్ద గ్రంథాలు రావడానికి మూడు నాలుగు వందల ఏళ్ల ముందటి రూపాలు ఇందులో దొరుకుతాయి. అనువాదకుడి పేరు కూడా మన పనికి వస్తుంది. 'వుల్ఫ' అంటే తోడేలు. దానికి '-ఇల' అనే అల్పార్థక ప్రత్యయం చేరి 'చిన్న తోడేలు' అయింది.

ఇంకా రెండు సాక్ష్యాలను మరచిపోకూడదు. డెన్మార్క్‌లోని గాలెహూస్‌లో 1734లో దొరికిన బంగారు కొమ్ము మీద సుమారు క్రీ.శ. 400 నాటి, రూన్లు అనే పాత జర్మానిక్ లిపిలో రాసిన వాక్యం ఉంది. 'ఎక్ హ్లెవగస్తిజ్ హోల్తియజ్ హొర్న తవిదో', అంటే 'హోల్త్ వంశానికి లేదా స్థలానికి చెందిన హ్లెవగస్తిజ్ అనే నేను ఈ కొమ్మును చేశాను' అని దాని అర్థం. ఆ కొమ్మును 1802లో దొంగిలించి కరిగించేశారు. ముందే గీసి ఉంచిన బొమ్మల వల్ల వాక్యం మాత్రం మిగిలింది. 'హోల్తియజ్' అనే మాటలో సంబంధాన్ని తెలిపే '-ఇయ-' ప్రత్యయమూ, చివరి 'అజ్' కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండో సాక్ష్యం ఫిన్నిష్ భాష. అది జర్మానిక్ కుటుంబానికి చెందినది కాదు, అయినా పూర్వకాలంలో తీసుకున్న ఎరువుమాటలను దాదాపు ఉన్నవున్నట్లు దాచిపెట్టింది. రాజుకు ఫిన్నిష్‌లో 'కునింగస్' అంటారు. ఇంగ్లీషు 'కింగ్', జర్మన్ 'క్యోనిగ్' అరిగిపోగా, *కునింగజ్ అనే మూలరూపానికి అతిదగ్గరగా ఉన్నది పరాయి భాషలోని ఈ మాటే.

ఒక ప్రత్యయాన్ని చివరిదాకా వెంబడించడం

ఇప్పుడు మొదట చెప్పిన 'లెంత్' దగ్గరికి వద్దాం. లాంగ్ నుంచి లెంత్, స్ట్రాంగ్ నుంచి స్ట్రెంత్, ఫౌల్ నుంచి ఫిల్త్, హోల్ నుంచి హెల్త్ వచ్చాయి. విశేషణానికి 'త్' చేర్చితే భావవాచకం వస్తున్నదని తెలుస్తూనే ఉంది. కాని లోపలి అచ్చు ఎందుకు మారింది? ఇటువంటి మార్పు కనబడితే, ఇప్పుడు లేని 'ఇ'కారం ఒకప్పుడు వెనక ఉండేదని అనుమానించాలి. వెనక వచ్చే 'ఇ' ప్రభావంతో ధాతువులోని అచ్చు పలికే చోటు నోటిలో ముందుకు జరగడం పశ్చిమ, ఉత్తర జర్మానిక్ భాషల్లో సర్వసాధారణం. ఆ తరువాత 'ఇ' అరిగిపోయినా మారిన అచ్చు అలాగే ఉండిపోయింది. గోతిక్‌లో ఈ అచ్చుమార్పు జరగలేదు, 'ఇ' కూడా పోలేదు. ఔన్నత్యం 'హౌహిథ', లోతు 'దియుపిథ', కొత్తదనం 'నియుయిథ'. ప్రాచీన ఉన్నత జర్మన్‌లో ఔన్నత్యానికి 'హోహిద' అంటారు. ఆ భాషలో 'థ' 'ద'గా మారడం నియమం. ప్రాచీన నార్స్‌లో పొడవు 'లెంగ్ద్'. మూడు శాఖలూ సరిపోయాయి కనుక *-ఇథో అనే రూపాన్ని ధైర్యంగా నిలబెట్టవచ్చు.

తరువాతి పని ధ్వనిమార్పులను వెనక్కు తిప్పడం. జర్మన్ పండితుడు యాకొబ్ గ్రిమ్ 1822లో వివరించిన సూత్రం ప్రకారం, జర్మానిక్‌కు, సంస్కృతానికి, లాటిన్‌కు ఉమ్మడి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలోని 'త' జర్మానిక్‌లో 'థ' అయింది. పాత దీర్ఘ 'ఆ' జర్మానిక్‌లో 'ఓ' అయింది. కాబట్టి '-థో' వెనక '-తా' ఉండాలి. సంస్కృతంలో స్త్రీలింగ భావవాచకాలు చేసే 'తా' సరిగ్గా అదే. గోతిక్ 'నియుయిథ'ను సంస్కృత 'నవ్యతా' పక్కన పెడితే ప్రకృతీ (ప్రత్యయం చేరే మూలభాగం), ప్రత్యయమూ రెండూ జ్ఞాతులే, అంటే ఒకే మూలం నుంచి పుట్టినవే అని తేలుతుంది.

అయితే సంస్కృతంలో ప్రత్యయం 'తా' మాత్రమే, గోతిక్‌లో 'ఇథ'. మిగిలిన 'ఇ' ఎవరిది? 'నవ్య' చివరి అచ్చు లాగే అదీ ప్రకృతిదే. ఆ ప్రకృత్యంతాచ్చు ఒకప్పుడు 'ఎ'గా ఉండి, జర్మానిక్‌లో 'ఇ'గా మారి, క్రమంగా ప్రత్యయంలో భాగమైపోయింది. ఇది ఊహ కాదనడానికి గోతిక్‌లోనే ఆధారం ఉంది. 'కష్టమైన' అనే అర్థం గల 'అగ్లుస్' ఉకారాంత విశేషణం. ప్రత్యయం '-థ' మాత్రమే అయితే దానికి భావవాచకం 'అగ్లుథ' కావలసింది, కాని గ్రంథంలో ఉన్నది 'అగ్లిథ'. అంటే గోతులు మాట్లాడే కాలానికే 'ఇ' ప్రకృతిని వదిలి ప్రత్యయం వైపు చేరిపోయింది. ప్రకృతిలోని అక్షరాన్ని ప్రత్యయం తన సొంతం చేసుకోవడమన్న ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. ఇది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ఒకే ప్రత్యయానికి మూడు ముఖాలు

మతి, గతి, స్థితి అనే మాటల్లోని 'తి' కృత్ ప్రత్యయం జర్మానిక్‌లోనూ ఉంది, కాని గుర్తుపట్టడం కష్టం. ఒకచోట 'ద', ఒకచోట 'థ', ఒకచోట 'త' రూపంలో కనబడుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు వీటిని మూడు వేరువేరు ప్రత్యయాలుగా రాసుకుంటారు.

'మతి' అనే మాటకు జర్మానిక్ జ్ఞాతి గోతిక్ 'గముంద్స్' (జ్ఞాపకం), ప్రాచీన ఆంగ్ల 'గెమ్యూంద్', నేటి ఇంగ్లీషు 'మైండ్'. మూలరూపం *గముందిజ్. ముందున్న 'గ' ఉపసర్గ, 'మున్' ధాతువు, మిగిలింది '-దిజ్'. గ్రిమ్ సూత్రం ప్రకారం 'త' 'థ' కావాలి గదా, 'ద' ఎలా వచ్చింది? దీనికి జవాబు 1870ల దశకంలో డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ ఇచ్చాడు. పదం మధ్యలో ఉన్న 'థ'కు సరిగ్గా ముందున్న అచ్చు మీద పాత స్వరం, అంటే పలుకులోని ఊనిక, లేకపోతే ఆ 'థ' నాదంగా మారి 'ద' అవుతుంది. జర్మానిక్‌లో ఊనిక తరువాత మొదటి అక్షరానికి జరిగిపోయింది కనుక ఆ పాత స్వరం జర్మానిక్ భాషల్లో కనబడదు, వేదపాఠంలో కనబడుతుంది. ఋగ్వేదంలో 'మతి' శబ్దానికి ఉదాత్తం చివరి అక్షరం మీద ఉంది. అందుకే మైండ్‌లో 'డ్'. జర్మానిక్ ప్రత్యయాల మీద పని చేసేవారికి వేదస్వరం తెలిసి ఉండడం ఇంత సూటిగా ఉపయోగపడే చోటు మరొకటి లేదని నా అభిప్రాయం.

దీనికి పక్కనే *దౌథుజ్, అంటే మరణం, ఇంగ్లీషు 'డెత్' ఉంది. ఇందులోని ప్రత్యయం దగ్గరి చుట్టమైన '-తు'. ఇక్కడ స్వరం ధాతువు మీద ఉండేది కనుక 'థ' అలాగే నిలిచింది. మూడో ముఖం *మహ్తిజ్ (శక్తి), *గిఫ్తిజ్ (ఇవ్వడం) వంటి మాటల్లో ఉంది. 'హ', 'ఫ', 'స' వంటి ఊష్మాల వెనక పాత 'త' మారకుండా ఉండిపోయింది. ఒక్క '-తి' ప్రత్యయమే *గముందిజ్‌లో 'ద'గా, *మహ్తిజ్‌లో 'త'గా ఉండడానికి కారణం ఇదే. 'స్థితి'కి జ్ఞాతియైన *స్తదిజ్ నుంచి ఇంగ్లీషు 'స్టెడ్', జర్మన్‌లో నగరమనే అర్థం గల 'ష్టాట్' వచ్చాయి. ఈ ప్రత్యయంతో కొత్త మాటలు పుట్టించడం మూల జర్మానిక్ కాలానికే దాదాపు మందగించిందని, ధాతువులో కనబడే బలహీనరూపాన్ని బట్టి గ్రహించవచ్చు. 'మున్', ఇంగ్లీషు 'బర్త్' వెనక ఉన్న 'బుర్' వంటి ధాతురూపాలు కొత్తగా చేసినవి కావు, వారసత్వంగా వచ్చినవి.

ఇదే తీరులో సులభంగా అతికేవి మరికొన్ని ఉన్నాయి, వాటిని త్వరగా దాటుదాం. మనకు బాగా తెలిసిన 'త్వం' గోతిక్‌లో '-థ్వ' రూపంలో ఉంది. ప్రేమకు గోతిక్ మాట 'ఫ్రియథ్వ'. ధాతువు 'ప్రియ' శబ్దంలోనిదే, ప్రత్యయమూ ఆ కుటుంబానిదే, లింగం మాత్రం గోతిక్‌లో స్త్రీలింగం. పాత్ర, నేత్ర, వస్త్రాల్లోని సాధనార్థక 'త్ర' జర్మానిక్‌లో '-థ్ర'. సంస్కృతంలో తెడ్డుకు 'అరిత్రం' అంటారు, దానికి జ్ఞాతి *రోథ్ర, నేటి 'రడర్'. ఈ ప్రత్యయానికి జంటగా '-థ్ల' కూడా ఉంది. సూదికి గోతిక్‌లో 'నేథ్ల', ఇంగ్లీషులో 'నీడిల్'. బంగారంతో చేసినది, వెండితో చేసినది అని చెప్పే '-ఈన' (గోతిక్ 'గుల్థీన్స్', 'సిలుబ్రీన్స్') లాటిన్‌లోని '-ఈనుస్'కు సోదరి. క్రియల్లో ప్రేరణార్థకం మరింత స్పష్టంగా ఉంటుంది. సంస్కృతంలో 'వర్తతే'కు 'వర్తయతి' ఎలాగో, గోతిక్‌లో 'ఫ్రవైర్థన్' (నశించు)కు 'ఫ్రవర్ద్యన్' (నశింపజేయు) అలాగ. మొదటిదానిలో 'థ', రెండోదానిలో 'ద' ఉండడం కూడా వెర్నర్ చెప్పినదానికి సరిపోతుంది. ప్రేరణార్థకంలో స్వరం ప్రత్యయం మీద పడేది. ఇంగ్లీషు 'సిట్', 'సెట్' జంట కూడా ఇదే తీరుకు చెందినది.

కర్తృవాచకం దగ్గర పొరపాటు పడవద్దు

కర్త, దాత, నేత అనే మాటల్లోని 'తృ' ప్రత్యయాన్ని చూసి, ఇంగ్లీషు 'రైటర్'లోని 'టర్' దానికి జ్ఞాతి అనుకోవడం చాలామంది చేసే పని. ఇది రెండు విధాల తప్పు. మొదట, 'రైటర్'లోని 'ట్' ధాతువుది, ప్రత్యయం '-అర్' మాత్రమే. 'సింగర్', 'బేకర్' చూస్తే ఇది తెలుస్తుంది. రెండోది, మూల జర్మానిక్ ఆ 'తృ' కర్తృప్రత్యయాన్ని పోగొట్టుకుంది. తండ్రి, సోదరుడు వంటి బంధువాచకాల చివర దాని ఛాయ మిగిలింది గాని, ఆ మాటలను ఎవరూ విడదీసి చూడలేదు.

ఆ లోటును జర్మానిక్ భాషలు తమ సొంత సరుకుతో పూడ్చుకున్నాయి. నకారాంత ప్రకృతుల ద్వారా కర్తను చెప్పడం ఒక మార్గం. ప్రాచీన ఆంగ్లంలో వేటగాడు 'హుంత', 'హుంటర్' కాదు. ఇంకొక మార్గం వర్తమాన కృదంతాన్ని నామంగా వాడడం. *ఫ్రియోంద్జ్ అంటే ప్రేమించేవాడు, నేటి 'ఫ్రెండ్'. *ఫియంద్జ్ అంటే ద్వేషించేవాడు, నేటి 'ఫీండ్'. వీటి చివరి '-ంద్' సంస్కృతంలోని 'అంత్' కృదంతానికి జ్ఞాతి.

మరి ఇప్పటి '-అర్' ఎక్కడిది? గోతిక్‌లో 'బోకారీస్' (లేఖకుడు), 'లైసారీస్' (బోధకుడు), 'మోతారీస్' (సుంకరి) అనే మాటలున్నాయి. ప్రత్యయం *-ఆరియజ్. ఇది లాటిన్ '-ఆరియుస్' నుంచి తెచ్చుకున్నదని సాధారణంగా అంగీకరిస్తారు. ఎరువు ప్రత్యయాన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లు ఇక్కడ బాగా కనబడతాయి. అది ధాతువుల మీద కంటే ముందు నామాల మీద చేరింది ('బోక' అంటే అక్షరం, 'మోత' అంటే సుంకం); చదువు, పన్ను వంటి రోమన్ ప్రభావం ఉన్న రంగాల్లో గుమిగూడింది; అన్నిటికంటే ముఖ్యంగా దాని అచ్చు కొలత సంతతి భాషల్లో సరిపోదు. ప్రాచీన ఉన్నత జర్మన్ '-ఆరి' దీర్ఘాన్ని చూపితే, ప్రాచీన ఆంగ్ల '-ఎరె' హ్రస్వాన్ని చూపుతుంది. వారసత్వంగా వచ్చిన ప్రత్యయానికి ఇటువంటి తడబాటు ఉండడం అరుదు.

సరిహద్దు జరిగిన చోట్లు

'గుడ్‌నెస్', 'డార్క్‌నెస్' అనే మాటల్లోని '-నెస్', జర్మన్ '-నిస్' సంగతి ఈ విషయమంతటిలో నాకు ఇష్టమైన ఉదాహరణ. మొదట్లో నేను దీని మూలం కోసం నకారంతో మొదలయ్యే జ్ఞాతిని లాటిన్‌లోను, సంస్కృతంలోను చాలాకాలం గాలించాను. ఏమీ దొరకలేదు, దొరకవలసిన అవసరమూ లేదు. ఎందుకంటే ఆ నకారం ప్రత్యయానిది కాదు.

గోతిక్‌లో ఒక మాటను ఎదురుగా పెట్టుకుని చూడండి. వైద్యుడు 'లేకీస్'. వైద్యం చేయడం 'లేకినోన్'. వైద్యమనే భావవాచకం 'లేకినస్సుస్'. చివరి 'ఉస్' విభక్తి. ఇక 'లేకిన్-అస్సు' అని విడదీయాలా, 'లేకి-నస్సు' అని విడదీయాలా? క్రియలోనే నకారం ఉంది కనుక మొదటి విభజనే సరైనది. అర్చకుడు 'గుద్య', అర్చకత్వం చేయడం 'గుద్యినోన్', అర్చకత్వం 'గుద్యినస్సుస్'. ఇక్కడా అంతే. అయినా ఒక సందేహం మిగలవచ్చు. దాన్ని తీర్చే మాట 'ఉఫరస్సుస్'. 'ఉఫర్' అంటే పైన, 'ఉఫరస్సుస్' అంటే మితిమీరిన సమృద్ధి. ఇందులో నకారం లేనేలేదు. కాబట్టి ప్రత్యయం *-అస్సుజ్ మాత్రమే. '-ఇనోన్' చివరగల క్రియల నుంచి వచ్చిన భావవాచకాలు ఎక్కువైపోయినందువల్ల, పశ్చిమ జర్మానిక్ వ్యవహర్తలు నకారాన్ని ప్రత్యయానికే చెందినదిగా భావించి, నకారంతో ఏ సంబంధమూ లేని విశేషణాలకు కూడా దాన్ని చేర్చారు. 'గుడ్' అనే మాటకు నకారపు క్రియ ఏదీ లేదు, అయినా 'గుడ్‌నెస్' ఏర్పడింది.

*-అస్సుజ్ పుట్టుక కూడా ఇటువంటిదే. '-అత్యన్' అనే చివర గల క్రియలు గోతిక్‌లో ఉన్నాయి. మెరవడానికి 'లౌహత్యన్' అంటారు. అటువంటి క్రియల్లోని '-అత్' మీద, *దౌథుజ్‌లో చూసిన పాత '-తు' ప్రత్యయం చేరితే 'అత్-తు' అవుతుంది. జర్మానిక్‌లో రెండు దంత్యాలు కలిస్తే 'స్స' రావడం నియమం. 'విద్' ధాతువుకు 'త' చేరిన రూపం సంస్కృతంలో 'విత్త' అయితే, జర్మానిక్‌లో *విస్స. జర్మన్‌లో 'నిశ్చయమైన' అనే అర్థం గల 'గెవిస్' దాని సంతానమే. అలాగే 'అత్-తు' 'అస్సు' అయింది. ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇది. అంటే '-నెస్' అనే మూడు ధ్వనుల ముక్కలో 'న' ఒక క్రియది, అచ్చుతో కూడిన మధ్యభాగం మరొక రకం క్రియది, అసలు ప్రత్యయమైన '-తు' ధ్వనిమార్పులో కరిగిపోయి ఒక్క 'స' రూపంలో మాత్రమే మిగిలింది.

'డార్లింగ్', 'డక్లింగ్' మాటల్లోని '-లింగ్' కూడా ఇలాగే తయారైంది. ప్రాచీన ఆంగ్లంలో రాకుమారుడు 'ఎథెలింగ్'. 'ఎథెల్' అంటే ఉన్నత వంశం, ఆ వంశానికి చెందినవాడని చెప్పేది '-ఇంగ్'. లకారం ప్రకృతిదే. గోతిక్‌లో దాయాది అనే అర్థం గల 'గదిలింగ్స్'లోనూ లకారం వేరొక ప్రత్యయానిది. ఇటువంటి మాటలను విన్నవారు లకారాన్ని వెనక్కు జరిపి '-లింగ్' అనే కొత్త ప్రత్యయాన్ని పొందారు.

ఇక '-ఇంగ', '-ఉంగ'ల్లోని అనునాసికమూ పరాయి సొత్తే కావచ్చు. *యుంగజ్ అంటే యువకుడు. దానికి సరిపోయేవి సంస్కృత 'యువశ', లాటిన్ 'యువెంకుస్'. 'యువన్' అనే నకారాంత ప్రకృతికి కకార ప్రత్యయం చేరి ఈ రూపం వచ్చింది. ఇటువంటి మాటల్లోని 'ంగ'ను ఒకే ముక్కగా భావించడం వల్ల '-ఉంగ', '-ఇంగ' పుట్టాయని చెప్పడం యుక్తంగానే ఉంది. అయితే క్రియల నుంచి భావవాచకాలు చేసే *-ఉంగో (జర్మన్ '-ఉంగ్', ఇంగ్లీషు '-ఇంగ్') గోతిక్‌లో కనబడదు. అందువల్ల వంశాన్ని, సంబంధాన్ని చెప్పే *-ఇంగజ్‌ను మూల జర్మానిక్‌కు చెందినదిగా నిస్సందేహంగా రాయవచ్చు గాని, భావార్థకమైన *-ఉంగో పక్కన ప్రశ్నార్థకం ఉంచడం మంచిది.

'జనం' అనే అర్థం గల *థెయుదో శబ్దానికి *-ఇస్కజ్ చేరి *థెయుదిస్కజ్ అయింది, 'జనులకు చెందిన' అని అర్థం. దాని లాటిన్ రూపం 'థియోదిస్కుస్' 786 నాటి పత్రంలో మొదటిసారి కనబడుతుంది. నేటి 'డాయిచ్' దాని నుంచే వచ్చింది. ఈ ప్రత్యయానికి స్లావిక్ '-స్క్', గ్రీకు '-ఇస్కోస్' తోడుగా ఉన్నాయి. గ్రీకులో దాని అర్థం మాత్రం అల్పత్వం.

పదమా, ప్రత్యయమా

చివరగా, ప్రత్యయాల పట్టికల్లో చోటు చేసుకున్నా మూల జర్మానిక్ కాలంలో ప్రత్యయాలు కానివి కొన్ని ఉన్నాయి. 'చైల్డ్‌హుడ్'లోని '-హుడ్', జర్మన్ '-హైట్' రెండూ *హైదుజ్ అనే స్వతంత్ర పదం నుంచి వచ్చాయి. గోతిక్‌లో 'హైదుస్' అంటే రీతి, విధం. అది సంస్కృత 'కేతు' శబ్దానికి జ్ఞాతి. తేజస్సు, చిహ్నం, ధ్వజం అనే అర్థాలు గల మాట, రీతి అనే అర్థం మీదుగా, భావవాచక ప్రత్యయంగా స్థిరపడిన దారి చూడముచ్చటగా ఉంటుంది. కాని గోతిక్‌లో ఆ మాట మరొక మాటకు చివర చేరి ప్రత్యయంలా పనిచేసిన జాడ లేదు. '-డమ్'కు మూలమైన *దోమజ్ (తీర్పు) పరిస్థితీ అదే. '-షిప్', జర్మన్ '-షాఫ్ట్', నార్స్ '-స్కప్ర్' మూడూ 'సృష్టించు' అనే ధాతువు నుంచి వచ్చినవే అయినా, వాటి రూపాలు ఒకదానితో ఒకటి సరిగ్గా అతకవు. ఉమ్మడి ప్రత్యయమే ఉండి ఉంటే ఈ వ్యత్యాసం ఉండదు. ప్రతి శాఖా అదే ధాతువు నుంచి తన మాటను తాను తీసుకుందన్న మాట.

విశేషణాల విషయం కొంత వేరు. *-లౌసజ్ (లేని, '-లెస్'), *-లీకజ్ (దేహం గల, అటువంటి, '-లీ'), *-సమజ్ లేదా *-సుమజ్ (సమానమైన, '-సమ్') గోతిక్‌లోనే సమాసాల చివర కనబడతాయి. ఫలం లేనిది 'అక్రనలౌస్', కోరదగినది 'లుస్తుసమ్స్'. వీటిని మన వ్యాకరణ పరిభాషలో సమాసాలనే అనాలి, *-లీకజ్ చేరినవి బహువ్రీహులు. మూల జర్మానిక్ మాట్లాడినవారికి *లీక అంటే దేహమని తెలుసు, దానితో చేసిన విశేషణంలోనూ ఆ అర్థం వారికి వినబడుతూనే ఉండేది. *-సమజ్‌లోని మాట మన 'సమ' శబ్దమే.

కాబట్టి పదం చివరి ముక్కకు ముందు అడ్డగీత పెట్టి, దాని ముందు నక్షత్రం రాసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ ముక్క గోతిక్‌లో విడిపదంగా దొరుకుతున్నదా? దొరికితే, సమాసం చివర కూడా అది గోతిక్‌లో ఉన్నదా? మొదటిదానికి అవునని, రెండోదానికి లేదని జవాబు వస్తే, *హైదుజ్ అని అడ్డగీత లేకుండా పదంగానే రాసి, దాని ప్రత్యయ జీవితాన్ని ప్రాచీన ఆంగ్లం, ప్రాచీన ఉన్నత జర్మన్ శీర్షికల కింద వేరువేరుగా నమోదు చేయాలి. రెండింటికీ అవునని వస్తే *-లౌసజ్ లాగా అడ్డగీతతో రాసి, సమాసోత్తరపదమని పక్కన గుర్తు పెట్టాలి. విడిపదం ఎక్కడా దొరకకపోతేనే *-ఇథో వంటి అసలు ప్రత్యయాల వరుసలో చేర్చాలి. అప్పుడు కూడా మొదటి అక్షరం ప్రకృతిది కాదని నిర్ధారించే 'అగ్లిథ', 'ఉఫరస్సుస్' వంటి మాట ఒక్కటైనా చేతిలో ఉండాలి.